వెండితెర మీది అడవి, అడవిలోని మనిషి

గోదావరికి దక్షిణపుటొడ్డున ఇందూరు సీమ, ఉత్తరపుటొడ్డున అడవుల సీమ. నిజామాబాదు పట్టణమునకు పూర్వనామము ఇందూరు. దానికి పడమటనున్న బోధను, ప్రాచీనకాలమున పోదనపురమను పేర అశ్మక జనపదమునకు రాజధానిగా ఉండెనని చరిత్రజ్ఞులు చెప్పుదురు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణముతో మంజీరా జలము కాలువలకెక్కెను. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. మెట్టచేలు చెరకుతోటలుగా మారెను. 2015 డిసెంబరులో మూతపడు వరకు ఆ కర్మాగారపు కూత ఈ ప్రాంతమునకు గడియారమై నిలిచెను.

నదికి ఆవల, ఆదిలాబాదు అడవులలో గోండులు, కోలాములు, నాయకపోడులు తరతరములుగా నివసించుచున్నారు. ఒకే గోదావరి నీటిని త్రాగు ఈ రెండు సీమలవారు ఒకరినొకరు ఎంతవరకెరుగుదురు? చెరకుసీమ వారికి అడవిమనిషిని గూర్చి కలిగిన తలపు చాలవరకు అడవినుండి రాలేదు. అది గుడారములలోను, పిదప టాకీసు శాలలలోను ఆడిన చలనచిత్రములనుండి వచ్చినది. నడుమున ఆకులు, తలపై ఈకలు, మొగమున నల్లరంగు, నోట అర్థము లేని కేకలు – ఇట్టి రూపమును చూచి అడవివారనగా వీరేయని నమ్మిన తరములు కలవు. ఆ రూపమెచ్చట పుట్టినది, ఎవరు కల్పించిరి, దానిని ఎవరు ధరించిరి, దానివలన ఎవరికి నష్టము కలిగినదను విషయములను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

కావ్యములలోని అడవి

చలనచిత్రము రాకపూర్వము మనవారికి అడవిని చూపినవి కావ్యపురాణములు. వానిలోని వనచరులు ఏకరూపులు కారు. భారతమున అరణ్యపర్వమందు అర్జునుని పరీక్షింపవచ్చిన పరమశివుడు కిరాతవేషమును దాల్చెను. దేవుడే అడవిమనిషి వేషమున వచ్చి, ఒక పందికొరకు క్షత్రియునితో పోరాడి గెలిచిన కథ అది. రామాయణమున గుహుడు రామునకు మిత్రుడు. శబరి ఆతిథ్యమిచ్చిన పూజ్యురాలు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన కన్నప్పకథను, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని కథగా విస్తరించెను. వేటగాని భక్తి శాస్త్రమెరిగిన పూజారి భక్తికంటె మిన్నయని ఆ కథ నిరూపించును.

అట్లని కావ్యములు దోషరహితములనరాదు. ఆదిపర్వమున ఏకలవ్యుడు నేర్చిన విద్యకు మూల్యముగా బొటనవ్రేలు నీయవలసివచ్చెను. విలువిద్యలో అతడు తక్కువవాడైనందున ఆ వ్రేలు పోలేదు, అధికుడైనందుననే పోయినది. అనగా ప్రాచీనులకు అడవిమనిషి యెడల ఆదరమును, అన్యాయమును రెండును కలవు. కాని గుహునకు, శబరికి, తిన్ననికి, ఏకలవ్యునకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క మాట, ఒక్కొక్క మనస్సు కలవు. వారు గుంపుగా కేకలువేసి ఆటముగియగానే మరుగగు జనము కారు. ఈ భేదమును మనసునందుంచుకొని తెరవైపు చూడవలెను.

అతికించిన చెవులు

అడవి సాహసచిత్రములకు ఆదిపురుషుడు టార్జాను. అమెరికా రచయిత ఎడ్గార్ రైస్ బరోస్ ఈ కథను 1912లో ఒక పత్రికయందు ప్రకటించెను. 1914లో అది గ్రంథరూపమున వచ్చెను. కథ యావత్తు ఆఫ్రికాలో జరుగును. రచయితయో, జన్మమధ్యమున ఆఫ్రికాను చూచినవాడు కాడు. 1918లో వచ్చిన తొలి టార్జాను మూగచిత్రమున ఎల్మో లింకన్ నాయకుడు. దాని అడవులను అమెరికాలోని లూసియానా రాష్ట్రమున చిత్రించిరి.

1932లో జానీ వైస్‌ముల్లర్ నటించిన మాటలచిత్రముతో టార్జాను లోకమంతటికి పరిచితుడయ్యెను. వైస్‌ముల్లర్ 1924, 1928 ఒలింపిక్ క్రీడలలో ఈతయందు ఐదు బంగారు పతకములు గెలిచిన మేటి. 1948 వరకు పండ్రెండు చిత్రములలో అతడు టార్జానుగా నటించెను. గ్రంథములోని టార్జాను ఆంగ్లప్రభువుల వంశమున పుట్టి, పుస్తకములు చూచి తనంత తాను చదువు నేర్చినవాడు. తెర మీది టార్జానుకు ఆ చదువు తీసివేయబడెను. రెండుమూడు ముక్కల మాటలే మిగిలెను. గ్రంథము తెరకెక్కునపుడు మొదట జారిపోవునది చదువేయని గ్రంథాలయ పాఠకులు గమనింపదగును.

ఆ 1932 చిత్రమున ఒక విచిత్రము కలదు. ఆఫ్రికా ఏనుగుల చెవులు చేటలవలె పెద్దవి. మన దేశపు ఏనుగుల చెవులు చిన్నవి. అమెరికాలో సాధువైన ఆఫ్రికా ఏనుగులు దొరకనందున, ఆసియా ఏనుగులకు కృత్రిమమైన పెద్ద చెవులతికించి ఆఫ్రికా ఏనుగులుగా చూపిరి. ఏనుగులకు జరిగినదే మనుష్యులకును జరిగెను. కథలో ఆఫ్రికాకు చెందిన పొట్టివారి తెగ యొకటి వచ్చును. ఆ పాత్రలను తెల్లజాతి మరుగుజ్జులు ఒడలికి నల్లరంగు పూసుకొని నటించిరి. ఏనుగు నోరులేని జంతువు గనుక చెవులతికించినను ఏమియు అనలేదు. ఆఫ్రికావారికి నోరున్నది, అయినను వారినెవరును అడుగలేదు.

ఆ రోజులలోనే ఈ పద్ధతిని కాదన్నవారును కలరు. నోబుల్ జాన్సన్ అను నల్లజాతి నటుడు 1916లో తనవారితో కలసి లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ యను సంస్థను స్థాపించి, తమ జాతివారిని గౌరవముగా చూపు చిత్రములను నిర్మింపబూనెను. ధనబలము చాలక ఆ సంస్థ నిలువలేదు. ఆ జాన్సనే 1933లో వచ్చిన కింగ్ కాంగ్ చిత్రమున దీవిలోని ఆటవిక నాయకుడుగా, ఈకలు ధరించి కనిపించెను. ఆదర్శము కలవాడైనను, పొట్టకూటికి తెరవారు చూపిన వేషమునే కట్టవలసివచ్చెననుట ఇందలి విషాదము.

దక్కనులోని హబ్షీలు

హైదరాబాదు రాజ్యప్రజలకు ఆఫ్రికావారు క్రొత్తవారు కారు. హబ్షీలు, సిద్దీలు అను పేర్లతో వారు శతాబ్దములుగా దక్కనులో ఉండిరి. వారిలో అగ్రగణ్యుడు మాలిక్ అంబర్. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, అహమదునగరు రాజ్యమునకు ప్రధానియై, మొగలు సైన్యములను ఏండ్ల తరబడి నిలువరించిన వీరుడతడు. 1610లో అతడు ఖడ్కీ నగరమును నిర్మించి, భూగర్భపు కాలువలతో దానికి నీరు తెచ్చెను. ఆ నగరమే పిమ్మట ఔరంగాబాదయ్యెను. 2023 నుండి ఛత్రపతి సంభాజీనగరుగా పిలువబడుచున్నది. నిజామాబాదు మీదుగా మన్మాడు పోవు రైలుబండి ఆ నగరమునందే ఆగును. నైజాము సైన్యమున ఆఫ్రికా అశ్వికదళము ప్రత్యేకముగా ఉండెను. హైదరాబాదులో ఏ.సీ. గార్డ్సు అను పేట నేటికిని ఆ దళము పేరనే కలదు.

అనగా నిగనిగలాడు దుస్తులతో, గుఱ్ఱములపై కదను తొక్కిన ఆఫ్రికావారిని రాజధానిలో కన్నులార చూచిన ప్రజలకే, తెరపై ఆఫ్రికావారు నరమాంసభక్షకులుగా చూపబడిరి. చూచిన నిజమును చూపిన అబద్ధము కప్పివేయుట ఈ చిత్రముల శక్తికి నిదర్శనము.

1935లో ఇంగ్లండునుండి శాండర్స్ ఆఫ్ ది రివర్ అను చిత్రము వచ్చెను. దానికి దర్శకుడు జోల్టాన్ కోర్డా. జగద్విఖ్యాత గాయకుడు పాల్ రోబ్సన్ అందొక ఆఫ్రికా నాయకుని పాత్ర ధరించెను. ఆఫ్రికా సంస్కృతిని గౌరవముగా చూపుదురను ఆశతో ఆయన అంగీకరించెను. తీరా చిత్రము పూర్తియగునప్పటికి అది ఆంగ్లేయుల ఏలుబడికి స్తోత్రపాఠమయ్యెను. రోబ్సన్ దానిని బహిరంగముగా నిరాకరించెను. 1958లో ఆయన అరువదవ జన్మదినమును మన దేశమున పలుచోట్ల ఉత్సవముగా జరిపిరి.

అదే చిత్రమున గుంపులో నిలుచుటకు కూలికి కుదిరిన ఆఫ్రికావారిలో జోమో కెన్యాట్టా ఒకడు. అప్పుడాయన లండనులో చదువుకొనుచున్న విద్యార్థి. 1963లో కెన్యా స్వతంత్రమైనపుడు ఆయన ప్రధానియై, 1964లో రాష్ట్రపతియయ్యెను. తమ్ము తాము ఏలుకొనలేని జనముగా చూపిన గుంపులోనే ఒక దేశమును ఏలనున్నవాడు నిలుచుండెను. కెమెరా అతని మొగమును చూచెను గాని మనిషిని చూడలేదు.

మావటివాని కుమారుడు

తెల్లవారి అడవిచిత్రములలో నాయకస్థానమునకెక్కిన తొలి భారతీయుడు సాబు. ఇతడు 1924లో మైసూరు సంస్థానమున కారాపురమునందు జన్మించెను. తండ్రి మైసూరు మహారాజుగారి ఏనుగులకు మావటి. తల్లిదండ్రులను కోల్పోయి గజశాలలో పెరుగుచున్న ఈ బాలుని రాబర్ట్ ఫ్లాహర్టీ అను దర్శకుని బృందము కనుగొనెను. 1937లో విడుదలయైన ఎలిఫెంట్ బాయ్ చిత్రమున సాబు ఏనుగుపై కూర్చున్న తీరు నటన కాదు, పుట్టుకతో వచ్చిన విద్య. ఆ సంవత్సరమే ఆ చిత్ర దర్శకులైన ఫ్లాహర్టీ, జోల్టాన్ కోర్డాలకు వెనిస్ చలనచిత్రోత్సవమున ఉత్తమ దర్శకులుగా బహుమతి లభించెను.

1942లో జంగిల్ బుక్ చిత్రమున సాబు మోగ్లీ పాత్ర ధరించెను. కథ జరుగు ఊరు హిందూదేశపు ఊరు. కాని మోగ్లీ తల్లిగా, వేటగాడుగా, పంతులుగా, మంగలిగా నటించినవారందరు గోధుమరంగు పూసుకొన్న తెల్లవారే. ఆ ఊరిలో నిజముగా హిందూదేశమున పుట్టినవాడు ఒక్క సాబు మాత్రమే. మన ఊరి కథలో మనవాడు ఒక్కడే యుండుట ఎంత వింతయో, ఆఫ్రికా కథలో ఆఫ్రికావారు లేకుండుటయు అంతే వింత.

సాబు 1944లో అమెరికా పౌరుడై, ఆ దేశపు యుద్ధవిమానమున తుపాకిదారుగా పసిఫిక్ సముద్రరంగమున పోరాడి వీరపతకమును పొందెను. యుద్ధానంతరము పెద్దవాడైన సాబుకు తగిన పాత్రలు రాలేదు. బాలుడుగా ముద్దొచ్చిన నల్లని మొగము యువకుడైన పిమ్మట వారికి నాయకుని మొగముగా తోచలేదు. 1963 డిసెంబరు 2న, ముప్పదితొమ్మిదేండ్ల వయసున అతడు మరణించెను.

సాబు నటించిన ది డ్రమ్ అను 1938 నాటి చిత్రము వాయవ్య సరిహద్దు జనులను క్రూరులుగా చూపినదని బొంబాయి, మదరాసు నగరములలో ప్రేక్షకులు గట్టిగా నిరసించిరి. మనపై వేసిన మచ్చను మనవారు వెంటనే గుర్తించిరి. కాని ఆఫ్రికావారిపై అదే మచ్చ వేసినపుడు మన టాకీసు శాలలలో ఈలలు, చప్పట్లు మ్రోగెను. ఈ జమాఖర్చులో తేడా ఉన్నదని ఒప్పుకొనక తప్పదు.

బొంబాయి టార్జాను, సేలము మహాగజములు

మనదేశపు నిర్మాతలు అడవి సాహసచిత్రములకు పూనుకొన్నపుడు ఏమి చేసిరి? 1937 సంవత్సరమునే బొంబాయిలో హోమీ వాడియా దర్శకత్వమున వాడియా మూవీటోన్ వారు తూఫానీ టార్జాను చిత్రమును తీసిరి. నాయకుడు జాన్ కావస్ అను పార్సీ వ్యాయామవీరుడు. టార్జాను ఇందు హిందూస్థానీ మాటలాడెను. ఇది సంతోషింపదగిన విషయమే. కాని అతని తోడుగా సగము కోతి, సగము మనిషియైన దాదా యను పాత్రకు నటుడు నల్లరంగు పూసుకొనెను. అడవిజాతివారు మునుపటివలె భయంకరులుగానే కనిపించిరి. హాలీవుడ్డు ఆఫ్రికావారికి తొడిగిన వేషమును మనవారు మన అడవులవారికి తొడిగిరి. వేషము మారలేదు, ధరించువాడు మారెను.

ఆ సంస్థలోనే ఫియర్‌లెస్ నాడియా యను నటి విఖ్యాతి గాంచెను. 1908లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున పుట్టిన ఈమె అసలు పేరు మేరీ ఎవాన్సు. కొరడా ఝళిపించి దుష్టులను దండించు స్త్రీని 1935 నాటి హంటర్‌వాలీలో చూచి జనము మురిసెను. 1942లో జంగిల్ ప్రిన్సెస్ అను చిత్రమున ఆమె అడవిరాణి యయ్యెను. ఇంటిలో అణగియున్న ఆడుదానికి నాడియా ధైర్యమిచ్చెననుట నిజము. అయినను అడవికి రాణి కావలెననిన పచ్చని జుట్టు, తెల్లని మేను ఉండవలెనను భావమును సైతము ఆ చిత్రములే బలపరచెను.

1952లో తమిళనాట సేలమునందలి మోడరన్ థియేటర్సు వారు, అమెరికా దర్శకుడు విలియం బర్క్‌తో కలసి ది జంగిల్ అను ఆంగ్లచిత్రమును మన అడవులలో నిర్మించిరి. దానిని కాడు అను పేర తమిళమునకు మార్చిరి. సంగీతము జి. రామనాథన్‌ది. యం.యన్. నంబియారు మొదలగు మన నటులందు కలరు. అయినను కథలోని రాకుమారి సీత పాత్రను మేరీ విండ్సర్, రామసింగు పాత్రను సీజర్ రొమేరో అను అమెరికా నటులు ధరించిరి. కథలో ప్రాచీన మహాగజములు ఊళ్లపై పడును. అందుకై మన ఏనుగులకు పొడుగాటి వెండ్రుకలతికించిరి. ఇరువదేండ్ల క్రిందట ఆఫ్రికా చెవులు ధరించిన ఆసియా ఏనుగు, ఈసారి మంచుయుగపు బొచ్చును ధరించెను. ఏనుగును ఏనుగుగా చూపు ఓపిక ఎవరికిని లేకపోయెను.

1943: ఒక చిత్రము, ఒక గ్రంథము

తెలుగుతెరకు వత్తము. 1943లో యస్. సౌందరరాజన్ దర్శకత్వమున చెంచులక్ష్మి చిత్రము విడుదలయ్యెను. కమలా కొట్నీసు చెంచుకన్యగాను, సి.హెచ్. నారాయణరావు నాయకుడుగాను నటించిరి. అహోబిల నరసింహస్వామి చెంచుపడుచును వరించిన కథ ఇది. 1958లో బి.ఏ. సుబ్బారావు దర్శకత్వమున అదే కథ మరల తెరకెక్కెను. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నాయికానాయకులు, యస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, సాలూరు రాజేశ్వరరావు సంగీతము. ఆ పాటలు తెలుగునాట నేటికిని వినబడుచున్నవి.

ఈ కథలో చెంచులకు గౌరవము కలదు. నరసింహస్వామిని తమ ఇంటి అల్లునిగా భావించి చెంచులు ఇప్పటికిని ఆదరింతురు. అహోబిలపు పారువేట ఉత్సవమున స్వామి అడవిపల్లెలకు పోవును. కనుక కథకు మూలము చెంచుల విశ్వాసమునందే యున్నది. కాని తెరపై కనిపించిన చెంచుపల్లె మదరాసు స్టూడియోలో పుట్టినది. ఆ పూలదండలు, ఈకలు, అందెలు, అద్దకపు చీరలు నల్లమలలోనివి కావు.

ఆశ్చర్యమేమనగా, అదే 1943లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు చెంచులను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రుదేశీయుడని ఆంగ్లప్రభుత్వము ఆయనను నిర్బంధింపగా, నైజాము రాజ్యమున ఉండుటకు అనుమతి లభించెను. ఆ నిర్బంధమును ఆయన తపస్సుగా మార్చుకొనెను. భార్య బెట్టీతో కూడ అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, వారు గునపముతో దుంపలు త్రవ్వు విధమును, తేనె దించు నేర్పును, పెంటలను పేర పిలుచుకొను చిన్న గూడెములను, ఆలుమగల నడుమ గల సమత్వమును కన్నది కన్నట్లు వ్రాసెను. చిత్రమును లక్షలమంది చూచిరి. గ్రంథమును కొలదిమందియే చదివిరి. మన మనసులలో నిలిచిన చెంచు చిత్రములోని చెంచే.

1954లో కాళహస్తి మహాత్మ్యము చిత్రమున కన్నడనటుడు రాజకుమార్, 1976లో బాపు దర్శకత్వమున భక్త కన్నప్పగా కృష్ణంరాజు తిన్నని పాత్రను ధరించిరి. 1977లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వమున నందమూరి తారకరామారావు నటించిన అడవిరాముడు ఘనవిజయము సాధించెను. అందు కథానాయకుడు అడవిశాఖ ఉద్యోగి. గూడెపు జనమును దోపిడిదారులనుండి రక్షించును. ఇది చూచి ఆనందింపని తెలుగువాడు లేడు. కాని నదికి ఆవలి చరిత్ర వేరొక విధముగా ఉన్నది.

భీముని రెండు చిత్రములు

ఆదిలాబాదు గోండులకు కష్టములు మొదలైనది అడవిశాఖ గిరిగీసిన నాటినుండియే. తరతరముల పోడుభూములు రక్షితారణ్యములలో కలిసిపోయెను. మిగిలిన మంచి భూములు పట్టాలు పుట్టించుకొన్న పైవారి వశమయ్యెను. నోటిమాటపై సాగిన సాగుబడికి కాగితము లేదు. కాగితమున్నవానికి సాగుబడి లేకున్నను హక్కు కలిగెను. ఈ అన్యాయమునెదిరించి నీటిపై, అడవిపై, నేలపై తమవారికి హక్కు కావలెనని కొమురం భీము తిరుగబడెను. 1940లో జోడేఘాటున నైజాము పోలీసుల కాల్పులలో అతడు ప్రాణములర్పించెను. ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు అచ్చట ఆతని వర్ధంతి జరుగుచున్నది. 2016లో ఏర్పడిన జిల్లాకు ఆతని పేరే పెట్టిరి.

అతని మరణానంతరమే ప్రభుత్వమునకు కనువిప్పు కలిగెను. హైమెండార్ఫ్ పరిశీలన ననుసరించి 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసెను. గోండీభాషలో వాచకములు తయారయ్యెను. సేతుమాధవరావు పగడీ వంటి అధికారులు గోండీ నేర్చి ప్రజలతో వారి భాషలోనే మాటలాడిరి. 1987లో మరణించిన బెట్టీ సమాధి నేటికిని మార్లవాయియందు కలదు.

భీముని కథను అల్లాణి శ్రీధర్ 1990లో చలనచిత్రముగా తీసెను. పెద్ద తారలు లేని ఆ చిత్రము ప్రభుత్వపు నంది బహుమతులు పొందియు, ఇరువదేండ్లు పెట్టెలో ఉండి, 2010లో గాని ప్రజలయెదుటికి రాలేదు. 2022లో యస్.యస్. రాజమౌళి దర్శకత్వమున వచ్చిన ఆర్ఆర్ఆర్ చిత్రము భీముని పేరును ప్రపంచమునకు వినిపించెను. అందలి నాటు నాటు పాటకు 2023లో ఆస్కారు బహుమతి లభించెను. భీముడు, అల్లూరి సీతారామరాజు మిత్రులైనట్లు అందు కల్పించిరి. సీతారామరాజు 1924లోనే అమరుడయ్యెను. వారిరువురు కలసినట్లు చరిత్రలో లేదు. కల్పనయని నిర్మాతలే చెప్పియున్నారు గనుక అందులకు తప్పుపట్టరాదు.

కాని ఒక్క ఘట్టము ఆలోచింపదగినది. చిత్రాంతమున భీముడు రామరాజును, తనవారికి చదువు కావలెనని కోరును. యథార్థమున భీముడు నిరక్షరాస్యుడు కాడు. చాందా పట్టణమున ఒక ముద్రణకర్తవద్ద చదువనువ్రాయ నేర్చెనని ఆతని జీవితకథను వ్రాసినవారు చెప్పుదురు. టార్జానుకు గ్రంథములో ఉన్న చదువును తెర తీసివేసినట్లే, భీమునికి జీవితములో ఉన్న చదువును గూడ తెర తీసివేసెను. తొంబదియేండ్ల ఎడమున రెండు ఖండములలో జరిగిన ఈ రెండు పనులును ఒకే నమ్మకమునుండి పుట్టినవి: అడవివాడు బలవంతుడు కావచ్చును, ధీరుడు కావచ్చును, కాని చదువరి కాజాలడని.

ఈ నమ్మకమునకు చరిత్రయే సమాధానము చెప్పినది. 1922 నుండి 1924 వరకు జరిగిన మన్యపు తిరుగుబాటున సీతారామరాజు వెంట నిలిచిన గాము సోదరులలో మల్లుదొర ఒకడు. సుదీర్ఘకాలము చెరననుభవించిన ఆయన 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోకసభకు ఎన్నికయ్యెను. ఆఫ్రికాలో కెన్యాట్టా, ఆంధ్రదేశమున మల్లుదొర: తెరవారు గుంపులో నిలిపిన జాతులు శాసనసభలలో కూర్చుండి లోకమునకు తమ మాట వినిపించెను.

న్యాయమైన తూకము

ఇంతమాత్రమున ఈ చిత్రములన్నియు త్యాజ్యములని తలంపరాదు. పగలంతయు చెరకు నరికి, బండ్లకెత్తి అలసిన కూలివానికి టార్జాను కేక ఒక రాత్రి సంతోషమునిచ్చినది. సాబును చూచి మావటి కొడుకు సైతము కథానాయకుడు కాగలడని బీదబాలురు ధైర్యము తెచ్చుకొనిరి. చెంచులక్ష్మి చూచి అడవిపిల్లయు దేవుని ఇల్లాలేయని ముత్తైదువలు చేతులు జోడించిరి. ఇవి చిన్న లాభములు కావు.

చిత్రమును చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. ఈ పాత్రకు పేరున్నదా, లేక గుంపులో ఒకడా? ఆ జాతివారిలో ఒక్కరైనను తమ పాత్రను తాము ధరించిరా? ఈ కథను వారు చూచిన యెడల తమ కథయని ఒప్పుకొందురా? ఈ మూటికి సమాధానము సరిగా లేని చిత్రమును చూచి ఆనందింపవచ్చును గాని, నమ్మరాదు.

ఇందూరు సీమలోను తండాలు కలవు. లంబాడీలు పూర్వము ఎద్దుల బిడారులపై ఉప్పు, ధాన్యము మోసి సైన్యములకు సైతము ఆహారమందించిన వర్తకులు. వారి అద్దముల రవికెలను, దంతపు గాజులను అనేక చిత్రములలో నర్తకీమణులు ధరించి అడవిపిల్లలైరి. కాని ఆ వేషముననే మన పొలములలో పనిచేసిన స్త్రీ పేరేమి, ఆమె మాటలాడు భాష ఏదియని ఊరివారెందరు అడిగిరి? తెరపై ఉన్న దోషమునకు తెర క్రింద కూర్చున్నవారికిని భాగము కలదు.

2006 ప్రాంతమున ఆదిలాబాదు అడవులలోని గుంజాల గ్రామమున గోండీభాషకు చెందిన ప్రత్యేక లిపిలో వ్రాయబడిన ప్రతులు వెలుగు చూచెను. ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలగువారి కృషివలన ఆ లిపి పాఠశాలలలో బోధింపబడెను. 2018లో ప్రపంచ లిపుల సంకేతపట్టికలో దానికి స్థానము లభించెను. కేకలు తప్ప భాష లేదని తెరవారు చూపిన జనమునకు భాష మాత్రమే కాదు, తాత ముత్తాతలు దాచిన లిపియు కలదని లోకమునకు తెలిసెను. ఆ ప్రతులు అంతవరకు ఒక గూడెమున, కొన్ని కుటుంబముల ఇండ్లలో భద్రముగా ఉండెను. అదియు ఒక గ్రంథాలయమే.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయపు బీరువాలలో భారతారణ్యపర్వము సరసన చెంచులను, గోండులను గూర్చిన గ్రంథములకు, గోండీ వాచకములకు చోటు కల్పించుట పాఠకుల చేతిలోని పని. టాకీసులో ఆట ముగిసిన పిమ్మట తెర తెల్లబోవును. పుస్తకము మూసినను మరల తెరువవచ్చును. తెర మీద అడవిని చూచి వచ్చిన బాలుడు, ఆ అడవిలోని మనిషి పేరు తెలిసికొనగోరి మరునాడు ఈ ద్వారమున అడుగుపెట్టినపుడు, అతని చేతికందించుటకు ఒక పుస్తకమిచ్చట సిద్ధముగా ఉండవలెను.